కొంచెం వణుకు

“రేస్ ఇంజన్ వణకాలా? పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడంట!” అంటూ అబ్దుల్ మజీద్ చేతిలోని మసిగుడ్డని బల్ల మీదికి విసిరికొట్టాడు.

తిట్టింది పందెంలో మోటార్ సైకిల్ తోలబోయే క్రాంతి కుమార్‌ని. నొచ్చుకుంది మాత్రం పక్కనున్న చెల్లెలు రేచల్. క్రాంతి అసలీ లోకంలో ఉంటేగా! నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కనున్న ఆ షెడ్డులో, రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో దుమ్ము బంగారు పొడిలా తేలుతుంటే, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

బల్ల మీద రెండు జతలున్నాయి. ఒకటి మజీద్ ఎంచింది. తేలికపాటి కనెక్టింగ్ రాడ్, దాని బరువుకి సరిపోయేలా తొలిచి సరిచేసిన క్రాంక్ షాఫ్ట్. రెండోది బరువైన పాత రాడ్, పాత క్రాంక్. పిస్టన్ దూకుడుని చక్రం దాకా అందించేది ఈ జతే. బరువులు కుదిరితే ఇంజన్ వెన్నలా తిరుగుతుంది, కుదరకపోతే ఒళ్ళంతా వణుకుతుంది. మజీద్ కట్టిన ఇంజన్ మీద టీ గ్లాసు పెడితే తొణకదని పల్నాడంతా చెప్పుకుంటారు. ఆ పేరే ఆయన ఆస్తి.

క్రాంతి వచ్చి రెండో జత మీద చెయ్యి వేశాడు.

“కాస్త వణుకుండేట్టు కట్టు బాబాయ్. మొదట్లో అక్కర్లేదు. ఇంజన్ బాగా అందుకున్నాక వణికితే చాలు. పాదాలకి తెలియాలి,” అంది రేచల్.

“ఆ ముక్క మీ అన్నని చెప్పమను. ఉలకడు, పలకడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?”

“వాడికి మాట తక్కువ బాబాయ్.”

“గురజాల పందెంలో గెలిచినోణ్ణి కోయంబత్తూరు రేసు జట్టు తీసుకుంటుందని చెప్పింది నువ్వేగా? నాపరాళ్ళ మిషను కాడ ఆ దుమ్ములోంచి మీ అన్న బయటపడాలంటే ఇదొక్కటే దారని ఏడ్చింది నువ్వేగా? మళ్ళీ నువ్వే బండి చెడగొట్టమంటావేందే!”

షెడ్డు మజీద్‌ది, పానా మజీద్‌ది. తన జతే బిగించాడు.

శావల్యాపురం అవతల బీడులో ట్రయల్ వేశారు. బండి ఏం పరుగు! కానీ ఆ మూలకి పోయేసరికి ఇంజన్ గుక్కపట్టి అరవసాగింది. ఆ అరుపుకి ఎవడైనా గేరు మారుస్తాడు, క్రాంతి మార్చడు. మార్చాల్సిన చోట మార్చడు, అక్కర్లేనిచోట మారుస్తాడు. తిరిగొచ్చాక బండి దిగి, ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపాడు. కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి.

“బండెక్కి కలలు కంటున్నావురా?” మజీద్ మండిపడ్డాడు. “ఇట్టా తోలితే జట్టు కాదు గదా, జట్కాబండి కూడా ఇవ్వరు నీకు!”

రేచల్ మెల్లగా దగ్గరికి వచ్చింది. “మా నాయన ఏసయ్య బండి చానా వణికేది బాబాయ్. అన్న పసోడప్పుడు ఒకటే ఏడుపంట. అమ్మ ఎన్ని జోలలు పాడినా ఊరుకునేవాడు కాదంట. అప్పుడు నాయన వాణ్ణి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని కోటప్పకొండ దాకా తిప్పుకొచ్చేవాడు. రెండు చేతులూ, చెంపా ట్యాంకుకి ఆనించి హాయిగా నిద్రపోయేవాడంట. బండి తోలటం కూడా దాని మీదే నేర్చుకున్నాడు. నాయనా పోయాడు, ఆ బండీ పోయింది.”

మజీద్ కోపం చప్పున చల్లారింది. అదా సంగతి! తండ్రి గుర్తు కావాలి పిల్లాడికి. ఆ మాట ముందే చెబితే ఏం పోయింది?

“అయినా వణికే ఇంజన్ కట్టానని తెలిస్తే ఊళ్ళో నవ్వరూ?” అన్నాడు ఇంటికెళ్ళాక, భార్య హసీనాతో.

“మీ పేరుని ఎవరూ మూటగట్టి ఎత్తుకుపోర్లే. పిల్లాడు అడిగింది కట్టివ్వండి,” అందామె టీ అందిస్తూ.

మజీద్ ఇంజన్ మళ్ళీ విప్పాడు. తనలో తాను గొణుక్కుంటూనే పాత క్రాంక్‌కీ, బరువు రాడ్‌కీ జత కుదిర్చాడు. నిదానంగా ఉన్నప్పుడు నెమ్మదిగానే ఉండి, పైకి అందుకున్నాక మాత్రం వణికేలా సరిచేశాడు. స్టార్ట్ చేసి రేజ్ చేస్తే బల్ల మీద పానాలు గలగలలాడాయి. మజీద్‌కి తల కొట్టేసినట్టయింది. క్రాంతి మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజన్ పక్కన చట్రానికి రెండు చేతులూ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎంతో దూరం నుంచి ఎవరో తనవాళ్ళు వస్తున్నట్టు మొహమంతా వెలిగిపోయింది. అది చూసి మజీద్ ఇంజన్ ఆపకుండా ఇంకాసేపు తిరగనిచ్చాడు.

“ఇది నేను కట్టానని ఎవరికీ చెప్పమాకండి,” అని మాత్రం అన్నాడు.

గురజాల పందెం పత్తి తీసేసిన చేలో జరిగింది. నల్లరేగడి దుమ్ము మబ్బులా లేచింది. ఆ మబ్బులో ఏ బండి ఎక్కడుందో తెలియలేదు. ఒక్కో మలుపులో క్రాంతి బండి బయటపడుతోంది, మళ్ళీ మునిగిపోతోంది. ఒక్క గేరూ తప్పటం లేదు. ఎక్కడ మార్చాలో అక్కడే, రవ్వంత ముందూ కాదు, వెనకా కాదు. చివరి చుట్టులో దుమ్ముని చీల్చుకుని అందరికన్నా ముందు వచ్చాడు. కోయంబత్తూరు జట్టాయన పరిగెత్తుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అది కట్టింది నేనే!” అని మజీద్ పక్కనున్న ప్రతివాడికీ చెప్పేశాడు.

మైకులో క్రాంతి పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. జనం ఈలలు వేస్తున్నారు. క్రాంతి బండి మీదే కూర్చుని, దుమ్ములో కుంకుమలా కరిగిపోతున్న పొద్దుని చూస్తున్నాడు.

మజీద్‌కి చిర్రెత్తింది. “చూడవే, అంతలావు మైకులో పేరు పెట్టి పిలుస్తుంటే తల తిప్పడు! అప్పుడే అంత పొగరా?”

రేచల్ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “పొగరు కాదు బాబాయ్. పందెం పెట్టినోళ్ళకీ, ఆ జట్టాయనకీ ముందే చెప్పా. నీకొక్కడికే దాచా. అంతకుముందు మేం వెళ్ళిన మెకానిక్కులు ఆ మాట చెప్పగానే బండి ముట్టుకోలా.”

“ఏం మాటే?”

“మా అన్నకి పుట్టుచెవుడు.”