వాషింగ్ మెషిన్‌కి ఉన్న పర్మిషన్

నేను కొత్త ఫోన్ కొని మూడు వారాలైంది. ఇంట్లో వైఫై ఉంది, నా ఫోన్‌కి మాత్రం రాదు. మా ఆయన లిస్టులోకి ఎక్కించిన వాటికే వస్తుంది. బయటివాళ్లు దూరకుండా అట.

ఎక్కించడానికి ఫోన్ లోపల ఉండే పన్నెండక్షరాల నంబరేదో కావాలన్నారు. చీటీ రాసిచ్చాను, పోగొట్టారు. రెండోది ఇస్తే "చూద్దాంలే" అన్నారు. మూడోది ఆయన చొక్కా జేబులోనే ఉతుక్కుపోయింది.

అప్పటినుంచీ నా ఆన్‌లైన్ లెక్కల క్లాసు మొబైల్ డేటాతోనే. సగం లెక్కలో తెగిపోతుంది. పదిహేనుమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని కూర్చుంటారు. ఇవాళ ఒక పిల్ల తల్లి మాన్పించేస్తానంది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఆయన ఆఫీసుకే ఫోన్ చేసి అరిచాను.

"అబ్బబ్బ, పాస్‌వర్డ్ చెప్తాను, నువ్వే ఎక్కించుకో. మిగతావి కెలక్కు."

ఫోన్ పెట్టెయ్యకుండానే, ఇంట్లో ఉన్న ఆయన కంప్యూటర్లో లిస్టు తెరిచాను. ఆయన ఫోన్, ఆయన కంప్యూటర్, టీవీ, వాషింగ్ మెషిన్. నా చీటీని నమిలేసిన దానికి కూడా పర్మిషన్ ఉంది! చివర్న 'వంటగది' అని ఇంకొకటి.

"మన వంటింట్లో వైఫై వాడే సామాను ఏముందండీ?"

"అదా? నీ పాత ఫోను. అది తీసేసి కొత్తదానికీ అదే పేరు పెట్టెయ్. నాకు గుర్తుంటుంది."

"సరే" అన్నాను.

నా ఫోన్‌కి 'లెక్కల టీచర్' అని పెట్టాను. 'వంటగది'ని కూడా వృథా పోనివ్వలేదు. ఆయన ఫోన్‌కి పెట్టాను.