మామ్మకు చలేసింది

సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన ఎక్కకముందే మామ్మకు మూడోసారి చలేసింది.

"ఏంటి బాబూ ఈ చలి! నన్నేమైనా రొయ్యలతోపాటు ఐసులో పెట్టి పంపిస్తున్నావా?" అని వెనక సీట్లోంచి వరలక్ష్మమ్మ కేకేసింది.

బయట వైశాఖమాసపు ఎండ పేలిపోతోంది. హర్ష కారు నడుపుతూనే ఏసీ మీటను నీలం గీత మీంచి మధ్యకు తిప్పాడు.

"ఇప్పుడెలా ఉందండీ మామ్మగారూ?" అని గొంతు చించుకున్నాడు. చించుకోక తప్పదు. ఆవిడకు చెముడని భీమవరంలో వాళ్ళ వీధి వీధంతా తెలుసు.

"అన్నమా? తినే బయల్దేరాను బాబూ."

ముందు సీట్లో ఉన్న మనవరాలు మంజూషకు నవ్వొచ్చింది కానీ, కిటికీ వైపు తిరిగి ఆపుకుంది. హర్షతో ఆమె పెళ్ళి ఈ ప్రయాణం మీదే ఆధారపడి ఉంది. పెళ్ళిచూపులయ్యాయి, జాతకాలు కలిశాయి. కానీ తండ్రి అచ్యుతరామరాజు గారు ఒక మెలిక పెట్టారు. "మా అమ్మ సరేనంటేనే ముహూర్తం. ఆవిణ్ణి ఆత్రేయపురం తీసుకెళ్ళి పూతరేకులు ఇప్పించుకు రండి. మీరిద్దరూ మాట్లాడుకున్నట్టూ ఉంటుంది, పెద్దదిక్కు తోడున్నట్టూ ఉంటుంది" అన్నారు.

మాట్లాడుకోవడానికి వాళ్ళకు కొత్తగా ఏముంది? హైదరాబాదులో ఒకే ఆఫీసులో మూడేళ్ళుగా అదే పని చేస్తున్నారు. ఆ ప్రేమను పెళ్ళిదాకా తేవడానికే పెళ్ళిళ్ళ పేరయ్య పల్లంరాజు గారి కాళ్ళావేళ్ళా పడి, సంబంధం ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఇంటికి రప్పించారు. పెళ్ళిచూపుల్లో హర్ష ఏమీ ఎరగనట్టు "మీ పేరేంటండి?" అని అడిగితే, మంజూష పెదవి కొరుక్కుని మరీ చెప్పింది. ప్రేమ పెళ్ళి అన్న మాట వింటేనే తండ్రి రాజుగారికి బీపీ పెరుగుతుంది. నిజం తెలిసిందంటే ఈ సంబంధం అక్కడికక్కడే తెగిపోతుంది.

"ఫ్యాను నాలుగులో ఎందుకు పెట్టావు?" అని మంజూష గుసగుసలాడింది.

"మన మాటలు వెనక్కి వెళ్ళకుండా."

"పక్కన బాంబు పేలినా ఆవిడకు వినపడదు. మా ఇంట్లో రహస్యాలన్నీ ఆవిడ ముందే మాట్లాడుకుంటాం."

"అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి."

ఈ జాగ్రత్తపరుడు అంతలోనే నాలుగో కేక విన్నాడు. వెంటనే మీటను ఎర్ర గీత దాకా తిప్పేశాడు. వైశాఖంలో గోదావరి జిల్లాలో హీటరు వేసిన మొదటి మనిషి బహుశా అతనే. మంజూష గాలి వచ్చే రెక్కల్ని కిందికి వంచేసింది. మామ్మకు చలి తగ్గలేదు. అతను బటన్ నొక్కి అసలు ఏసీనే ఆపేశాడు. హర్ష చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"చచ్చిపోతున్నాను బాబూ చలికి!"

మంజూష శాలువా తీసిచ్చి, "తలమీంచి కప్పుకో మామ్మా" అని సైగ చేసింది. మామ్మ దాన్ని కాళ్ళ మీద పరుచుకుంది.

"అయిపోయింది. ఆవిడకు నువ్వు నచ్చలేదు" అంది మంజూష, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. "ఈ కుర్రాడు నన్ను చలికి చంపాడని ఇంటికెళ్ళి చెప్తుంది. ఇంక నాన్నగారు ఒప్పుకోరు."

హర్ష మీటల వంక చూశాడు. ఇక మిగిలింది ఫ్యానే. దాన్ని నాలుగు నుంచి ఒకటికి దించాడు. కారులో హోరు ఆగిపోయింది.

"ఆ! ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది" అంటూ మామ్మ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

కాసేపాగి, ఉక్క భరించలేక హర్ష దొంగచాటుగా మళ్ళీ ఏసీ వేసి, మీటను పూర్తిగా నీలం వైపు తిప్పాడు. వెనకనుంచి కిక్కురుమన్న శబ్దం లేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు చుడుతున్నావిడ, "బెల్లంవాండీ, పంచదారవాండీ?" అని అరిచి అరిచి అలిసిపోయింది. మామ్మ తీరిగ్గా, "మా మనవరాలేనండీ" అంది. చివరికి హర్షే రెండు రకాలూ కట్టించాడు.

తిరుగు ప్రయాణంలో ఫ్యాను ఒకటి దాటలేదు. మామ్మ గుర్రు పెడుతుంటే ఇద్దరికీ ధైర్యం వచ్చింది.

"పల్లంరాజు గారు ఎక్కడైనా నోరు జారితే?" అంది మంజూష.

"నేనే వచ్చి మీ నాన్నగారికి మొత్తం చెప్పేస్తాను. తిట్టినా పడతాను. నిన్ను మాత్రం వదులుకోను."

మంజూష కళ్ళు తుడుచుకుంది. "నాకు మామ్మ గురించే బెంగ. పెళ్ళయ్యాక నేను సెలవులకు రావడం తగ్గితే ఎవరితో కబుర్లు చెప్తుంది?"

"ఆవిణ్ణి కూడా తీసుకెళ్దాం. ఏసీ లేని గది ఇద్దాం."

గుర్రు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

ఇల్లు చేరేసరికి అచ్యుతరామరాజు గారు గుమ్మంలోనే ఉన్నారు. తల్లి చెవి దగ్గరకు వంగి, "అమ్మా! వీళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?" అని అరిచారు.

"నాకేం వినపడుద్దిరా?"

"కుర్రాడు ఎలాంటివాడు?"

"దారి పొడుగునా చలి చలని ప్రాణం తీశాను. ఒక్కసారైనా మొహం ముడవలేదు. ముహూర్తం పెట్టించెయ్."

రాజుగారు సంబరంగా పల్లంరాజు గారికి ఫోన్ చేయడానికి లోపలికి పరిగెత్తారు. హర్ష మామ్మ కాళ్ళకు దండం పెట్టి సెలవు తీసుకున్నాడు. అయితే ఆ చలంతా పెళ్ళికొడుకు ఓర్పును పరీక్షించడానికన్నమాట! మంజూష ఆనందం పట్టలేక మామ్మ మెడ వాటేసుకుంది.

మామ్మ అటూ ఇటూ చూసి, మనవరాలి తల దగ్గరకు లాక్కుని, ఎప్పుడూ లేనంత మెల్లగా అంది.

"ఆ ఫ్యాను హోరులో మొదటి సగం వినపళ్ళేదే, మళ్ళీ చెప్పు."