మనిషే రావాలి

"పెళ్ళాం వచ్చి చెబితే చెల్లదమ్మా. జబ్బు పడ్డవాడే వచ్చి ఈ కిటికీ ముందు చెప్పుకోవాలి. మిల్లు రూలు" అన్నాడు టైమాఫీసు గుమాస్తా, టీ ఊదుకుంటూ.

"రాగలిగితే పనిలోకే వచ్చేవాడు కదా సార్! మోకాళ్ళు బుంగల్లా వాచిపోయాయి. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కావాలంటే ఫోన్లో మాట్లాడండి."

"ఫోన్లో ఎవడైనా మూలుగుతాడు. మొన్నొకడు అలాగే మూలిగి మూలిగి సినిమా హాల్లో దొరికాడు. బెల్లు కొట్టేలోగా మనిషి రాకపోతే చెప్పకుండా మానేసినట్టే. ఈసారి మానేస్తే ఉద్యోగం ఊడుతుందని నీ మొగుడికి ముందే చెప్పాం."

"కిందటిసారీ నేనే వచ్చి చెప్పాను కదయ్యా, మీరు రాసుకుంటేగా!"

"జబ్బు నీకు కాదుగా? నీ మాటెలా రాస్తాను?"

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి ఆవిడ ఇంటికి పరుగెత్తింది. ఇల్లు మిల్లు వెనకే, ఆటో దూరని సందులో. అదే మిల్లులో షిఫ్టుకు బయల్దేరుతున్న ఇరుగుపొరుగు నలుగురూ సంగతి విని పళ్ళు కొరికారు.

"వాడి రూలు తగలెయ్య! నువ్వు పక్కకి జరుగు వదినా" అంటూ మనిషిని మడతమంచంతో సహా ఎత్తారు.

"మెల్లగా రా, నేనింకా పోలేదు" అని మూలిగాడు రోగి.

"పోయినా నువ్వే వచ్చి చెప్పాలంటాడు వాడు. పడుకో" అన్నాడు ముందు పట్టుకున్నవాడు.

మంచం గేటు బయట, టైమాఫీసు కిటికీ కింద దిగింది. గుమాస్తా తల బయటపెట్టాడు.

"ఏం జబ్బు?"

"కనిపించడం లేదా?" అంది భార్య.

"నిన్నడగలేదు."

"జ్వరం... మోకాళ్ళు..." అన్నాడు రోగి, ఆయాసపడుతూ.

గుమాస్తా రాసుకున్నాడు. "సరే, ఇవాళ్టికి జబ్బు సెలవు. చూశారా, పద్ధతిగా వస్తే ఎవరు కాదంటారు?"

ఉద్యోగం దక్కిందని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంటికి మోసుకుపోదామని నలుగురూ మంచం మీద చేతులు వేశారు. అంతలో బెల్లు మోగింది.

"ఎక్కడికి? బెల్లయ్యాక గేటు బయట ఉన్నవాడికి ఆబ్సెంటే. సెలవు అతనికిచ్చాను, మీక్కాదు. నడవండి లోపలికి!"

పొద్దుటెండ అప్పుడే చురుక్కుమంటోంది. నలుగురూ మంచం మీంచి చేతులు తీశారు.

"పోనీ నన్నూ లోపలికే మోసుకుపోండ్రా" అన్నాడు రోగి. "సాయంత్రందాకా ఏ గోడ నీడనో పడుంటాను."

గుమాస్తా కిటికీ రెక్క మూస్తూ అన్నాడు:

"సెలవులో ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వకూడదు."