లోకం నెట్టులో తేడా

"అన్నయ్యా, నీ వెబ్‌సైట్ మా ఇంట్లో తెరుచుకోవట్లేదు" అన్నాడు ఫోన్లో తోడల్లుడు.

"నాకు నిక్షేపంగా తెరుచుకుంటోందయ్యా. తేడా నీ నెట్టులోనే ఉంది" అని రచయితగారు ఫోను పెట్టేశారు.

పొద్దున్న చుట్టాలందరికీ సైటు చిరునామా పంపినప్పటినుంచి అందరి నెట్టుల్లోనూ తేడాలే. పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్ చేసి, ఫ్రిజ్ పక్కన పీట వేసి కూర్చోబెట్టి, మూడు నెలలుగా తన వ్యాసాల్ని లోకానికి వడ్డిస్తున్న ఆయన నెట్టు మాత్రం బంగారం.

"అందరికీ కడుపుమంట" అన్నారు భార్యతో.

"ఓసారి వైఫై ఆపి, సెల్లు డేటాతో తెరిచి చూడండి" అంది ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూ.

చూశారు. చక్రం తిరిగి తిరిగి, అలాంటి సైటే లేదంది. వైఫై కలపగానే వ్యాసాలన్నీ బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి. రూటర్‌లో బయటివాళ్ళకు దారి తెరవడమే మరిచారు మహానుభావులు.

"ఇంటర్నెట్టు అనుకుని ఇంటినెట్టు పెట్టుకున్నారన్నమాట" అంది ఆవిడ.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అయితే ఇన్నాళ్ళూ నేను రాసింది ఒక్కరూ చదవలేదు."

ఆవిడ తరగడం ఆపలేదు. "నిన్నటి దాంట్లో అత్తయ్యగారు గొడుగు పారేసుకున్న ముక్క బాగుంది. దాని ముందున్న నాలుగు పేజీలూ దండగ. మొత్తం నేనొక్కదాన్నే భరిస్తున్నాను. ఆ దారేదో తెరిస్తే, ఊరు కూడా కాస్త పంచుకుంటుంది."

రచయితగారు లేచి ల్యాప్‌టాప్ తెచ్చి ఉల్లిపాయల పక్కన పెట్టారు.

"ఏ నాలుగు పేజీలు?"