పాలకండ్ల సీతాఫలం

"గింజలు లెక్కపెట్టమ్మా," అంది కరుణ, కత్తి తుడుచుకుంటూ.

రుక్కమ్మ ఒక్కో గింజను పళ్లెం అంచుకు జరిపింది.

"పదకొండు."

పండ్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కరుణ తానూ లెక్కపెట్టింది. పదకొండే. "మామూలు పండులో నలభైకి తగ్గవు," అంటూ కాగితం మీద రాసుకుంది.

వెనకాల రోడ్డు ఇంజనీరు వినోద్ కుమార్ గడియారం చూసుకున్నాడు. ఇబ్రహీంపట్నం నుంచి మంచాల వైపు వేస్తున్న కొత్త రోడ్డు సరిగ్గా రుక్కమ్మ వాకిట్లోని సీతాఫలం చెట్టు మీదుగా పోతుంది. చెట్టుతోపాటు ఆమె ఇల్లు, ఆ వరసలో ఇంకో పదకొండు ఇళ్లు పోతాయి. గోడలన్నిటికీ ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. చెట్టు నిజంగా పాతకాలపు అరుదైన రకమేనని నిపుణులు రాసిస్తే, రోడ్డును పక్కనున్న సర్కారు బీడులోకి జరుపుతామని పై అధికారి మాటిచ్చాడు. రాసివ్వకపోతే పని ఈరోజే మొదలు. మలుపులో జేసీబీ గుర్రుమంటోంది.

"దీన్ని మీరేమంటారు?" అడిగింది కరుణ.

"పాలకండ్ల సీతాఫలం."

"ఎందుకలా?"

రుక్కమ్మ ఇంకో పండు అందుకుంది. చిన్నప్పటినుంచీ గుట్టల వెంట పండ్లు ఏరి, హయత్‌నగర్‌లో గంప దించి అమ్మిన మనిషి. పండును కరుణ కళ్ల ముందు పెట్టింది.

"గీ కండ్ల నడుమ జూడు బిడ్డా. పక్వానికొస్తే పాలు వోసినట్టు తెల్లగయితది. అప్పుడే తెంపాలె. తెంపినంక నాలుగొద్దులకు గాని మెత్తవడది. మెత్తవడ్డా పగలది. నోట్లె ఏసుకుంటే రవ్వ తగలది. మా అమ్మమ్మ కాలంల గంపకు నాలుగన్న ఒచ్చేటియి. ఇప్పుడేడియి? గింజలే తక్కువాయె, మొలిచేటియి ఇంకా తక్కువ."

కరుణ ఒక తొన నోట్లో వేసుకుంది. తర్వాత తీపి కొలిచే చిన్న పరికరం మీద రసం చుక్క వేసి, వెలుతురుకు పెట్టి చూసింది.

"పదిహేనేళ్ల నా సర్వీసులో ఇంత తీపి చూడలేదు," అంది మెల్లగా.

వినోద్ కుమార్ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలెత్తి కొమ్మలన్నీ వెతికాడు.

"అంతా మంచిగనే ఉంది. మరి చెట్టు మీద ఒక్క కాయ లేదేంది?"

రుక్కమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "కార్తీకం దాటింది గద సారూ. కోతులు ఉంచుతయా?"

"గట్లంటవా?" అతను గోడ అవతల నిలబడ్డ బిక్షాన్ని చూశాడు. "ఇట్ల రా."

పక్కింటి బిక్షానికీ రుక్కమ్మకూ గోడ తగాదా. మూడేళ్లుగా మాటల్లేవు. ఇద్దరూ పోలీస్ స్టేషన్ దాకా పోయి వచ్చారని మండలమంతా తెలుసు. పైగా అతని ఇల్లు గుర్తులకు అవతల ఉంది. రోడ్డు పడితే అతనికి లాభమే.

"నీకు ఈమెతోని పడదు గదా. నువ్వు చెప్పు, నమ్ముత. ఈ చెట్టు సంగతేంది?"

రుక్కమ్మ కళ్లు దించుకుంది. అరుగుల మీద కూర్చున్న ఆ పదకొండు ఇళ్లవాళ్లు బిక్షం వైపు తిరిగారు. బిక్షం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏం జెప్పాలె సారూ, వట్టి పిసినారి ముసల్ది. ఇన్నేండ్లు పక్కపక్కన్నే ఉన్నం. గీ చెట్టు కాయ ఒక్కటి మా పిల్లల చేతుల పెట్టలే."

ఆ మాటలోని కసి చూసి వినోద్ కుమార్ నవ్వేశాడు. కరుణ కాగితం పూర్తి చేసి సంతకం పెట్టింది. అతను ఫోన్ తీసి, "జేసీబీని ఎనకకు తిప్పుమను," అన్నాడు.

"అంటు కట్టడానికి కొన్ని కొమ్మలు కోసుకుంటానమ్మా," అంది కరుణ.

"కోసుకో. గింజలు గూడ తీస్కపో బిడ్డా." రుక్కమ్మ పళ్లెంలోవన్నీ కాగితంలో పొట్లం కట్టి ఆమె గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిటను రెండు చేతులా మూసింది. "ఇయ్యి మాత్రం తప్పకుండ మొలిపించు. మర్వకు."

వాళ్లిద్దరూ ఎక్కిన జీపు మలుపు తిరిగింది. జేసీబీ చప్పుడు దూరమైంది. రుక్కమ్మ చెట్టు మొదలును పట్టుకుని కూలబడింది. బిక్షం గోడ దాటి వచ్చి చెంబుతో నీళ్లందించాడు. ఆమె గుటకలు వేసి, మిగిలిన ఒక్క పండును కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది.

"పిల్లలకియ్యి, తమ్మీ."

మూడేళ్ల తర్వాత నోరారా పిలిచిన పిలుపు అది. బిక్షం పండును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తలెత్తి చెట్టును ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, ఇంతకీ ఇయ్యి ఏ గుట్ట మీదియి?"

నాటిన ఇరవై రెండేళ్లలో ఆ చెట్టు ఒక్క కాయ కూడా కాయలేదు.