కూడబలుక్కునే పిల్ల

“మళ్ళీ చదువు!”

సత్యానందం మాస్టారు అరచేత్తో బల్ల మీద కొట్టారు. తొమ్మిదో తరగతి బ్లెస్సీ ఉలిక్కిపడి, టేపు రికార్డరు ముందుకి వంగింది.

“వా...న వె...లి...సింది. వా...న వె...లి...సింది.”

“ఒకసారి చదవడమే గగనం, మళ్ళీ రెండేసిసార్లెందుకే తల్లీ!”

మలికిపురం దగ్గర ఆ హైస్కూల్లో, చదవడం రాని పిల్లల కోసం ఈ పద్ధతి పెట్టింది ఆయనే. బడి వదిలాక ఓ పేజీ గడగడా చదివితే ఇంటికి. లేకపోతే టేపు రికార్డరు ముందుకి. ఎవరి క్యాసెట్ వాళ్ళు తెచ్చుకుని, తమ గొంతు తామే విని తప్పులు దిద్దుకోవాలి. కువైట్ వాళ్ళని పేరే గానీ, బ్లెస్సీ ఇంట్లో టేపు రికార్డరు కూడా లేదు. క్రిస్మస్ వచ్చేసరికి పిల్లలందరూ బయటపడ్డారు. ఏడాది చివరికొచ్చినా మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. తన పరువు తియ్యడానికే పుట్టిందని మాస్టారికి ఒళ్ళు మండిపోతోంది.

“పరీక్ష రాస్తే మార్కులొస్తాయి. నోరు విప్పితే ఒకటో తరగతి! కాపీ కొడుతున్నావా?”

“లేదండి.”

“నీ వాచకం ఏదీ?”

“పోయిందండి. ఇది యామినిదండి.”

“ఆమధ్య ఓ క్యాసెట్ కూడా పోయిందన్నావు?”

“ఆయ్.”

“కువైట్‌లో మీ అమ్మ అంత కష్టపడుతోంది. ఆవిడకి ఉత్తరవైనా రాస్తావా?”

“అమ్మే రాయొద్దందండి.”

“నీ సంగతి తెలిసే అనుంటుంది. పాపం, ప్రోగ్రెస్ కార్డు మీద ఆవిడ వేలిముద్ర వేసేది. కూతురు కూడా అలాగే తయారైతే ఎలాగే?”

బ్లెస్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అసలు సంగతి గొంతు దాకా వచ్చింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది మరి. చెబితే మాట పోతుంది, చెప్పకపోతే ఏడాది పోతుంది. మళ్ళీ టేపు రికార్డరు ముందుకి వంగింది.

మర్నాడు సాయంత్రం హెడ్మాస్టరు ముత్యాలరాజుగారు స్వయంగా వచ్చారు. పదో తరగతికి ఎవర్ని పంపాలో తేల్చే రోజది.

“ఏదమ్మా, ఓ పేజీ చదువు.”

బ్లెస్సీ ఆయన వంక చూసింది, టేపు రికార్డరు వంక చూసింది. గడగడా చదివితే ఇంటికి పొమ్మంటారు.

“వా...న వె...లి...సింది.”

“అయ్యో రామ! ఈ చదువుతో పదిలోకి ఎలా పంపమంటారు మాస్టారూ?”

సత్యానందం మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అంతలో ఆ పిల్ల గుప్పెట్లో ఉన్నది కంటపడింది.

“అది పోయిన క్యాసెట్టే కదే? ఎక్కడ దొరికింది?”

“పొద్దున్నే వచ్చిందండి.”

“వచ్చిందా! కాళ్ళొచ్చి నడిచొచ్చిందా? ఇలా తే.”

“వద్దండీ! నేనింకా విన్లేదండి. ముందు నన్నొక్కదాన్నీ విననివ్వండి సార్, మీకు దణ్ణం పెడతాను!”

“నీ చదువు నువ్వు కొత్తగా వినేదేవిటి? పెద్దాయన కూడా వింటారు.”

క్యాసెట్ లాక్కుని మీట నొక్కారు.

“వా...న... వె...లి...సింది.” పేజీ తిప్పిన చప్పుడు. తర్వాతి పేజీ కూడా అదే నత్తనడక.

“విన్నారా అండీ? టేపు అరిగి గొంతు బొంగురుపోయింది గానీ, చదువు మాత్రం ఇసుమంత మారలేదు.”

హెడ్మాస్టరు నిట్టూర్చి పెన్ను తీశారు. బ్లెస్సీ రెండు చేతులతో నోరు మూసుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. మాస్టారికి కోపం పోయి జాలేసింది. ఇంక చాల్లే అని టేపు ఆపబోయారు. లోపల చదువు అయిపోయింది. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

“బ్లెస్సమ్మా, ఇంక అమ్మకి ఉత్తరాలు రాయి, నేనే చదువుకుంటాను.”