వరహాలు పంపిన మరబొమ్మ

ఆ శనివారం హాస్టల్ గదిలో నస్రీన్, జ్యోత్స్నలతో పాటు, వాళ్ళ స్నేహితురాలు వరహాలు తన బదులు పంపిన మరబొమ్మ ఉంది. యూనివర్సిటీ వారోత్సవాల్లో నలుగురిలో మాట్లాడాలంటే జంకి, వరహాలు అచ్చం తనలాంటి బొమ్మను పంపింది. తనలాగే మాట్లాడాలని డైరీ మొత్తం దానికి చదివి వినిపించింది. అది బొమ్మ అని ఎవరూ పోల్చుకోలేదు. ఆఖరి రోజు హాజరుకు మాత్రం మనిషే వెళ్ళాలి, లేకపోతే సీటు పోతుంది. హాజరు కార్డేమో బొమ్మ దగ్గరుంది.

"నానే వరహాల్ని," అంది కార్డు కోసం వచ్చిన వరహాలు, గుమ్మంలో నిలబడి.

నస్రీన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పండే."

వరహాలు తలొంచుకుని తడుముకుంది.

"ఏడో తరగతిలో పద్యం మరిసిపోయి బల్లకింద దాక్కున్నాను," అంది బొమ్మ గలగలా.

"అది నా డైరీలోది!" వరహాలుకు ఏడుపొచ్చేసింది.

"ఈ మధ్య బొమ్మలకి ఏడవడం కూడా నేర్పుతున్నారే," అంటూ జ్యోత్స్న తలుపు వేసేసింది.